చికాగో చలికి, మే నెల ఎండకి: కొత్త వాతావరణంలో ఏం వేసుకోవాలి, ఒంటిని ఎలా అలవాటు చేసుకోవాలి

హైదరాబాద్‌లో డిసెంబర్ తెల్లవారుజామున 14 డిగ్రీలుంటే ఆటో డ్రైవర్ మంకీ క్యాప్, మఫ్లర్ లేకుండా బండి తీయడు. అదే 14 డిగ్రీలు ఏప్రిల్‌లో టొరంటోలో వచ్చిందంటే జనం నిక్కర్లేసుకుని పార్కులకి బయల్దేరతారు. ఒకరిది అతి జాగ్రత్త, ఇంకొకరిది మొండితనం అనుకుంటాం గానీ ఇద్దరూ తమ ఒళ్లు చెప్పిన మాటే వింటున్నారు. ఆటో డ్రైవర్ రెండు వైపులా తెరిచి ఉన్న బండిలో, కదలకుండా, గంటల తరబడి ఎదురుగాలికి కూర్చోవాలి. పైగా రెండు నెలల కిందటి దాకా అతని ఒళ్లు 30 డిగ్రీల్లో ఉంది. టొరంటో మనిషి నాలుగు నెలలు మైనస్ చూసి వచ్చాడు, నడుస్తున్నాడు, కాసేపట్లో వెచ్చటి ఇంట్లోకి వెళ్లిపోతాడు.

వాతావరణ శాఖలదీ ఇదే లెక్క. మన తీర ప్రాంతంలో రాత్రి ఉష్ణోగ్రత 15 డిగ్రీలకి దిగి, మామూలు కన్నా 4.5 డిగ్రీలు తగ్గితే చాలు, భారత వాతావరణ శాఖ దాన్ని శీతల గాలుల కింద లెక్కేస్తుంది. బ్రిటన్‌లో ప్రాంతాన్ని బట్టి 25 నుంచి 28 డిగ్రీల ఎండ వరసగా మూడు రోజులు కాస్తే వడగాలులని ప్రకటిస్తారు. రెంటచింతల వాళ్లకి ఇది నవ్వులాటగా ఉండొచ్చు. కానీ 2022 జులై 19న ఇంగ్లండ్‌లోని కోనింగ్స్‌బీలో 40.3 డిగ్రీలు నమోదైనప్పుడు అక్కడి ఇళ్లలో ఏసీ మాట అటుంచి, సీలింగ్ ఫ్యాన్ కూడా ఉండదని గుర్తు పెట్టుకోవాలి.

అందుకే కొత్త ఊరు వెళ్లేటప్పుడు పక్కవాళ్లు ఏం వేసుకున్నారో చూసి బట్టలు వేసుకోకండి. మీ ఒళ్లు గత నెలంతా ఎక్కడుంది, మీరు బయట ఎంతసేపు ఉంటారు, అక్కడ నిలబడతారా, నడుస్తారా, ఈ మూడూ చూసి వేసుకోండి. ఇక్కడ ఎక్కువగా ఉత్తర అమెరికాకి మొదటిసారి వెళ్లే విద్యార్థుల గురించి, పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నల గురించి చెప్తాను. చివర్లో ఎండ సంగతి.

1. ముందు డిగ్రీలు చదవడం నేర్చుకోండి

అమెరికాలో అంతా ఫారన్‌హీట్. బుర్రలో లెక్కకి ఒక చిట్కా ఉంది: 30 తీసేసి సగం చేయండి, సుమారుగా మన సెల్సియస్ వస్తుంది. 50 అంటే సుమారు 10. 70 అంటే సుమారు 20. గడ్డ కట్టే చోటు 32 అని మాత్రం కంఠస్థం పెట్టుకోండి. చలి బాగా ముదిరినప్పుడు ఈ చిట్కా రెండు మూడు డిగ్రీలు తప్పు చెప్తుంది, అసలు చలి ఇంకా ఎక్కువే ఉంటుంది.

తర్వాత ఫోన్‌లో ఉష్ణోగ్రత పక్కన ఉండే ‘ఫీల్స్ లైక్’ అంకె చూడండి. చలికాలంలో మీకు కావలసింది అదే. మన ఒంటి చుట్టూ వెచ్చటి గాలి పల్చటి పొరలా అంటుకుని ఉంటుంది. గాలి వీచినప్పుడు ఆ పొర ఎగిరిపోతుంది, ఒళ్లు మళ్లీ వేడి ఖర్చుపెట్టి ఇంకో పొర తయారుచేసుకోవాలి. అమెరికా, కెనడా 2001 నుంచి వాడుతున్న లెక్క ప్రకారం మైనస్ 10 డిగ్రీల్లో గంటకి 30 కిలోమీటర్ల గాలి వీస్తే చర్మానికి అది మైనస్ 20తో సమానం. ఆ అంకె మైనస్ 28కి దిగిందంటే కప్పుకోని చర్మం 10 నుంచి 30 నిమిషాల్లో గడ్డ కట్టొచ్చు. చికాగోలో 2019 జనవరి చివర్లో గాలి లెక్క లేకుండానే మైనస్ 31 నమోదైంది. అలాంటి రోజున క్లాసుకి వెళ్లడమా మానడమా అని తటపటాయించాల్సిన పని లేదు, ఇంట్లో ఉండిపోండి.

‘మేం లంబసింగి వెళ్లొచ్చాం, చలి మాకు తెలుసు’ అనేవాళ్లు ఉంటారు. లంబసింగి చలి ఎండెక్కేసరికి దిగిపోతుంది. మిన్నియాపోలిస్‌లో జనవరి మధ్యాహ్నం కూడా మామూలుగా సున్నా దాటదు.

2. వెళ్లే ఊళ్లో ఇళ్లు ఎలా ఉంటాయో కనుక్కోండి

ఉష్ణోగ్రత కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఇది, ఎవరూ అడగరు. ఢిల్లీలో జనవరి 6 డిగ్రీలు, చికాగోలో మైనస్ 6. ఎక్కడ ఎక్కువ చలేస్తుంది? బయట నిలబడితే చికాగోలోనే. కానీ ఇరవై నాలుగు గంటల లెక్క తీస్తే చాలామందికి ఢిల్లీయే కష్టం. అక్కడ ఇల్లు కూడా చల్లగానే ఉంటుంది, పరుపు చల్లగా ఉంటుంది, బాత్రూం గచ్చు మీద కాలు పెడితే ప్రాణం పోతుంది. చికాగోలో ఇల్లు, బస్సు, క్లాసు, ఆఫీసు అన్నీ 20 నుంచి 22 డిగ్రీల్లో ఉంటాయి. చలి తగిలేది మధ్యలో పది పదిహేను నిమిషాలు. కెనడా నుంచి వచ్చిన బంధువులు హైదరాబాద్ జనవరిలో ‘ఇక్కడే చలేస్తోంది’ అంటే గొప్పలు పోతున్నారని అనుకోకండి, నిజమే చెప్తున్నారు.

ఢిల్లీ లాంటి చోట ఇంట్లో రోజంతా ఒంటి మీద ఉంచుకోగలిగే బట్టలు కావాలి: మెత్తటి స్వెటర్, ఉన్ని సాక్సులు, శాలువా, మంచి రజాయి. చికాగో లాంటి చోట లోపల టీషర్టు, బయటికి వెళ్లేటప్పుడు పైన వేసుకుని లోపలికి రాగానే తీసి తగిలించే పెద్ద కోటు. ఇక్కడి నుంచి పెట్టెనిండా లావుపాటి స్వెటర్లు తీసుకెళ్లిన విద్యార్థులు వాటిని ఏడాదంతా బయటికి తీయకపోవడానికి కారణం ఇదే. 22 డిగ్రీల క్లాసులో స్వెటర్ వేసుకుని కూర్చుంటే చెమటలు పడతాయి.

డాలస్‌లో మనవాళ్లు చాలామంది ఉన్నారు, ‘మాది వెచ్చటి ఊరు’ అని ధీమా. 2021 ఫిబ్రవరిలో అక్కడ మైనస్ 19 నమోదైంది, చాలాచోట్ల కరెంటు పోయింది, పైపులు పగిలాయి. కరెంటు లేకపోతే హీటరూ లేదు. వెచ్చటి ఊళ్లో ఉన్నా ఇంట్లో మనిషికొక మంచి కోటు, రెండు లావు దుప్పట్లు ఉంచుకోవడం మంచిది.

3. ఏది ఇక్కడ కొనాలి, ఏది అక్కడ

పెద్ద కోటు, బూట్లు అక్కడే కొనండి. మన దగ్గర దొరికే జాకెట్లలో చాలావరకు మన చలికి సరిపోయేవే. ఆగస్టులో చేరే విద్యార్థులకి తొందర లేదు, నవంబర్ చివరి డిస్కౌంట్ల దాకా ఆగొచ్చు. జనవరిలో చేరేవాళ్ల సంగతి వేరు. విమానం దిగి తలుపు దాటగానే మైనస్ ఉంటుంది. వాళ్లు ఇక్కడే ఒక మంచి జాకెట్ కొని, చెకిన్ సూట్‌కేసులో పెట్టకుండా చేత్తో పట్టుకెళ్లాలి. సూట్‌కేసు రెండు రోజులు ఆలస్యంగా రావడం వింతేం కాదు. టోపీ, గ్లవ్స్, లావు సాక్సులు హ్యాండ్ బ్యాగులో ఉండాలి.

థర్మల్స్, అంటే చలికి లోపల వేసుకునే ఒంటికి అంటుకునే బట్టలు, ఇక్కడ చవక, నాలుగు జతలు కొనుక్కోండి. అయితే లేబుల్ చదవండి. పూర్తి కాటన్ అయితే ఇంట్లో పడుకోవడానికి పనికొస్తాయి గానీ నడకకి పనికిరావు.

4. పొరలు పొరలుగా వేసుకోండి

ఒంటిని వెచ్చగా ఉంచేది బట్ట కాదు, బట్టలో ఇరుక్కున్న గాలి. అందుకే ఒక్క లావు స్వెటర్ కన్నా మూడు పల్చటి పొరలు మేలు.

ఒంటికి అంటుకునే పొర పని చెమటని బయటికి పంపడం. పాలియెస్టర్ గానీ మెరీనో ఉన్ని గానీ కావాలి. మన నూలు బనియన్‌కి ఇక్కడ ఎంత పేరున్నా అక్కడ అది శత్రువే: చెమట పీల్చుకుంటుంది, ఆరదు. నీరు గాలి కన్నా దాదాపు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది, తడి బనియన్‌తో బస్‌స్టాపులో నిలబడితే ఏ కోటూ కాపాడదు.

మధ్య పొర వేడిని పట్టి ఉంచాలి. ఫ్లీస్, ఉన్ని స్వెటర్, పల్చటి ఈకల జాకెట్, ఏదైనా సరే. ఉన్ని కాస్త తడిసినా వెచ్చదనం పూర్తిగా పోదు. దక్కనీ గొర్రెల ముతక ఉన్నితో నేసిన గొంగడి కప్పుకుని మన తెలంగాణ గొర్రెల కాపరులు చలికీ వానకీ ఒకే బట్టతో నెట్టుకొచ్చింది ఈ గుణం వల్లే. ఈకల జాకెట్ తడిస్తే మాత్రం ముద్దయిపోతుంది. వానా మంచూ కలిసి పడే సియాటెల్ లాంటి చోట సింథటిక్ దూది ఉన్నదే నయం.

పై పొర గాలిని ఆపాలి, తడిని ఆపాలి. పిరుదులు దాటి తొడల దాకా వచ్చేది, తలకి హుడ్ ఉన్నది, జిప్ గడ్డం దాకా వచ్చేది చూసుకోండి. వేసి చూసేటప్పుడు లోపల స్వెటర్‌తో వేయండి. బిగుతుగా ఉంటే లోపలి గాలి నలిగిపోయి పొరలు వేసుకున్న ప్రయోజనమే ఉండదు.

సరిగ్గా వేసుకున్నారో లేదో తెలుసుకునే పద్ధతి: ఇంటి గుమ్మం దాటిన మొదటి ఐదు నిమిషాలు కొంచెం చలిగా అనిపించాలి. గుమ్మంలోనే వెచ్చగా ఉంటే పది నిమిషాల నడక తర్వాత చెమట పడుతుంది, అక్కణ్నుంచి బస్సు కోసం ఆగగానే వణుకు. బస్సెక్కగానే కోటు జిప్ తీసేయాలి, టోపీ తీసేయాలి, చెమట పట్టాక కాదు. కారెక్కి ఆఫీసు పార్కింగ్‌లో దిగేవాళ్లకి ఇవన్నీ అక్కర్లేదు. చొక్కా మీద ఒక్క లావు కోటు చాలు, కానీ బండి దారిలో ఆగిపోతుందనుకుని డిక్కీలో టోపీ, గ్లవ్స్, దుప్పటి పెట్టుకోవాలి. చిన్నపిల్లలకి కారు సీటు బెల్టు కింద ఉబ్బెత్తు కోటు వేయకండి. ప్రమాదం జరిగితే కోటు నలిగి బెల్టు వదులైపోతుంది. బెల్టు పెట్టాక కోటుని పైన కప్పండి.

5. చేతులు, కాళ్లు, మొహం

చలి ముదిరితే ఒళ్లు గుండె, ఊపిరితిత్తుల వైపు రక్తాన్ని దాచుకుని వేళ్లకి తగ్గించేస్తుంది. అందుకే ముందు వేళ్లే కొంకర్లు పోతాయి. ఛాతీ చుట్టూ వెచ్చగా లేకపోతే ఎంత ఖరీదు గ్లవ్స్ వేసినా వేళ్లు వెచ్చబడవు. వేళ్లు విడివిడిగా ఉండే గ్లవ్స్ కన్నా నాలుగు వేళ్లూ ఒకే సంచిలో ఉండే మిట్టెన్స్ వెచ్చన.

బూట్లు మీ సైజు కన్నా అర సైజో ఒకటో ఎక్కువ తీసుకోండి. రెండు జతల సాక్సులు కుక్కితే రక్తం ఆడక కాళ్లు ఇంకా చల్లబడతాయి, ఒక్క మంచి ఉన్ని జత చాలు. అడుగున పట్టు ఉండాలి. చలితో పడే ఇబ్బంది కన్నా గడ్డకట్టిన మంచు మీద జారి పడి చేతులు విరగ్గొట్టుకునే ఇబ్బంది పెద్దది. చిన్న అడుగులు, పాదం మొత్తం ఆనిస్తూ, చేతులు జేబుల్లోంచి బయట పెట్టి నడవాలి.

తల నుంచే సగం వేడి పోతుందని చెప్పుకుంటారు గానీ అంత లేదు. తల, మెడ కలిపినా ఒంటి వైశాల్యంలో సుమారు పదో వంతే. అయినా టోపీ పెట్టుకోవాల్సిందే, ఎందుకంటే ముందు దెబ్బతినేవి చెవులు, ముక్కు. ఈ ఒక్క విషయంలో మన మంకీ క్యాప్‌ని ఎగతాళి చేసేవాళ్ల మాట పట్టించుకోకండి. చెవులు, గడ్డం, మెడ ఒకేసారి కప్పే వస్తువు ఇంకోటి లేదు.

6. అమ్మానాన్నలు వచ్చినప్పుడు

పురుడు పోయడానికి అమ్మ నవంబర్‌లో వచ్చిందనుకోండి. మొదటి వారంలోనే హీటర్ దగ్గర గొడవ మొదలవుతుంది. కొడుకో అల్లుడో 68 ఫారన్‌హీట్ పెడతాడు, అంటే 20 డిగ్రీలు. అమ్మకి 76 కావాలి. ఇది పట్టుదల కాదు. 2008లో హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో పరిశోధకురాలు మాధవి ఇంద్రగంటి వేసవి, వానాకాలాల్లో అధ్యయనం చేస్తే అక్కడివాళ్లకి హాయిగా అనిపించిన ఉష్ణోగ్రత 29 డిగ్రీల పైచిలుకు తేలింది, 26 నుంచి 32.5 దాకా సర్దుకుపోయారు. అలాంటి ఇంటి నుంచి వచ్చిన మనిషిని ఒక్కసారిగా 20లో కూర్చోబెడితే ఏమవుతుంది? పైగా వయసు మీద పడ్డవాళ్లకి ఒళ్లు వేడిని పట్టి ఉంచుకునే శక్తి తగ్గుతుంది.

హీటర్ మొత్తం పెంచే ముందు ఇవి చేసి చూడండి. అమ్మ కూర్చునే కుర్చీని పెద్ద కిటికీ పక్కనుంచి లోపలి గోడ వైపు జరపండి. గదిలో గాలి 22 ఉన్నా చల్లటి గాజు ఎదురుగా కూర్చుంటే ఒంటి వేడి అటు పోతూనే ఉంటుంది, అందుకే థర్మామీటర్ బాగానే ఉందంటుంది, అమ్మ చలేస్తోందంటుంది. కాళ్లకి ఉన్ని సాక్సులు, మెత్తటి స్లిప్పర్లు ఇవ్వండి, కాళ్లు వెచ్చబడితే సగం చలి తగ్గినట్టే. రాత్రికి పడుకునే ముందు పక్క మీద వేడినీళ్ల బ్యాగు పెట్టండి. మొదటి వారం 74 పెట్టి, మూడు నాలుగు రోజులకి ఒక డిగ్రీ చొప్పున దించండి.

చీర కట్టుకునే అమ్మలకి: లంగా లోపల థర్మల్ ప్యాంటు, జాకెట్టు కింద నిండు చేతుల థర్మల్, పైన స్వెటర్. ఇంట్లో ఇది చక్కగా సరిపోతుంది. బయట మాత్రం నా ఓటు పంజాబీ డ్రెస్‌కే. చీర అంచు మంచులో తడిసి గడ్డ కడుతుంది, మెట్ల మీద కాలికి అడ్డం పడుతుంది. గుడికి చీరతోనే వెళ్తానంటే కుచ్చిళ్లు నాలుగు వేళ్లు పైకి కట్టి, కింద బూట్లు వేసి, మోకాళ్లు దాటే కోటు తొడగండి.

హీటర్ వేసిన ఇంట్లో గాలి బాగా పొడిబారుతుంది. పెదాలు, మడమలు పగులుతాయి, ముక్కులోంచి రక్తం కూడా రావొచ్చు. స్నానం గోరువెచ్చటి నీళ్లతో తొందరగా ముగించి, ఒళ్లు తడి ఆరకముందే వాసెలిన్ గానీ కొబ్బరి నూనె గానీ రాయాలి. నూనె గడ్డ కట్టి ఉంటుంది, సీసాని వేడినీళ్లలో పెట్టండి.

ఇంట్లో అందరికన్నా ఒక్కరికే ఎప్పుడూ చలేస్తుంటే హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్ష చేయించండి. మన ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉంది. దాన్ని స్వెటర్లతో సరిచేయలేం. ఇక మద్యం పుచ్చుకుంటే వెచ్చగా ఉంటుందన్నది ఉత్త మాట. చర్మానికి రక్తం ఎక్కువై వెచ్చగా అనిపిస్తుంది, లోపలి వేడి బయటికి పోతుంది.

7. మేలో ఊరొచ్చేటప్పుడు

చలికి ఒళ్లు కొద్దిగానే అలవాటు పడుతుంది. వణుకు తగ్గుతుంది, మిగతా అంతా మనం బట్టల సంగతి నేర్చుకోవడమే. ఎండకి అలా కాదు. వారం నుంచి రెండు వారాల్లో ఒళ్లు నిజంగా మారుతుంది: చెమట తొందరగా, ఎక్కువగా పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది, రక్తంలో ద్రవం పెరుగుతుంది. చల్లటి చోటికి వెళ్తే మూడు నాలుగు వారాల్లో ఇదంతా పోతుంది. ‘నేను గుంటూరులో పుట్టి పెరిగాను, నాకెండేంటి’ అనే ఎన్నారై మే నెలలో దిగిన రోజున ఎండ విషయంలో చికాగో మనిషే.

పెళ్లికి వస్తుంటే వారం ముందే రండి. రోజంతా ఏసీలో కూర్చుంటే అలవాటు కాదు, ఉదయం పూటో సాయంత్రమో గంటన్నర ఏసీ లేకుండా తిరగండి. మజ్జిగ, ఓఆర్ఎస్ దాహం వేయకముందే తాగాలి. ఏసీ లేని మండపంలో మధ్యాహ్నం ముహూర్తానికి ఐదేళ్ల పిల్లాడికి వెల్వెట్ షేర్వాణీ వేయడం ఫొటోల కోసం పిల్లాణ్ని ఉడకబెట్టడమే. పంచె, పల్చటి లాల్చీ చాలు.

ఎండలో బట్టల సూత్రం ఊరిని బట్టి మారుతుంది. రామగుండంలో పొడి ఎండ 43 ఉన్నప్పుడు గాలి మన చర్మం కన్నా వేడిగా ఉంటుంది. అప్పుడు నిండు చేతుల వదులు చొక్కా, తలకి తువ్వాలు, కాళ్లు కప్పే బట్టలు ఎండనీ వడగాలినీ ఆపుతాయి. విశాఖలోనో విజయవాడలోనో ఉక్కపోత ఉన్నప్పుడు చెమట ఆరదు. 35 డిగ్రీలకి గాలిలో తేమ 60 శాతం తోడైతే ఒంటికి దాదాపు 45లా ఉంటుంది. అక్కడ తక్కువ బట్ట, పల్చటి నూలు, ఫ్యాన్ గాలి కావాలి. రంగు కన్నా వదులు ముఖ్యం: ఎడారి బెదూయిన్లు వేసుకునే నల్లటి అంగీల మీద 1980లో వచ్చిన పరిశోధనలో, అంగీ నలుపైనా తెలుపైనా ఒంటికి చేరిన వేడి ఒక్కటేనని తేలింది. వదులు బట్ట లోపల గాలి ఆడటమే దానికి కారణం. జీన్స్ మాత్రం రెండు చోట్లా పనికిరాదు.

జగిత్యాల, నిజామాబాద్ నుంచి గల్ఫ్‌లో ఎండ పనికి వెళ్లేవాళ్లకి బట్టల కన్నా పని గంటలు ముఖ్యం. కొత్తవాళ్లు మొదటి రోజు మామూలు పనిలో 20 శాతమే చేసి, రోజుకి 20 శాతం చొప్పున పెంచాలి. పాతవాళ్లు సెలవు నుంచి తిరిగొచ్చినా మొదటి రోజు సగంతోనే మొదలుపెట్టాలి. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు, ఖతార్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా ఉదయం 10 నుంచి 3:30 వరకు బయట ఎండలో పని చేయించకూడదన్నది అక్కడి చట్టం. వెళ్లే ముందే ఇది తెలిసి ఉండాలి.

8. ప్రమాదం గుర్తుపట్టండి

చలిలో వేలు గానీ చెవి గానీ మొద్దుబారి, మన చామనఛాయ మీద పాలిపోయి బూడిద రంగుకి తిరిగి, మైనంలా గట్టిగా తగిలితే అది గడ్డ కడుతోంది. రుద్దకండి, మంట దగ్గర పెట్టకండి. ఇంట్లోకి తెచ్చి గోరువెచ్చటి నీళ్లలో ముంచి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. వణుకుతున్న మనిషి వణుకు ఆగిపోయి, మాట ముద్దగా వస్తుంటే నయమైందని కాదు, ముదిరిందని. వెంటనే 911కి ఫోన్ చేయాలి.

ఎండలో ఒళ్లు కాలిపోతూ, మాటలు తడబడుతూ, మనుషుల్ని పోల్చుకోలేకపోతుంటే అది వడదెబ్బ. నీడకి చేర్చి, బట్టలు వదులుచేసి, ఒళ్లంతా నీళ్లు పోస్తూ విసరండి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి. ముందు 108కి ఫోన్ చేయండి, అంబులెన్సు వచ్చేదాకా నీళ్లు పోయడం ఆపకండి.